తుడవని చుక్క

సూది ఇంకా సగానికి రాలేదు. రావాలని ఒక పక్కా, రాకపోతేనే నయమని ఇంకో పక్కా మెకానిక్ ప్రాణాన్ని చెరో వైపుకి లాగుతున్నాయి. బానెట్ ఎత్తిపెట్టి, ఇంజిన్‌ని దాని మానాన దాన్ని తిరగనిచ్చి, సరిగ్గా దాని కింద నేల మీద ఒక తెల్ల అట్టముక్క పరిచి, అతను బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. కాసేపు అట్ట వంక చూస్తాడు, లేచి కిటికీలోంచి తొంగి వేడి చూపించే సూది వంక చూస్తాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. చల్లగా ఉన్నంతసేపూ ఈ మహాతల్లి ఒక్క చుక్క రాల్చదు, నంగనాచిలా ఉంటుంది. లోపల నీళ్ళు వేడెక్కి, ఒత్తిడి పెరిగి, ఇక బాగైపోయిందని మనం చేతులు కడుక్కున్నాక అప్పుడు మొదలుపెడుతుంది. షెడ్డు రేకులు ఎండకి టప్పుటప్పుమంటున్నాయి. ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా అతని చూపు అట్ట మీదకి పోతోంది, ఏమీ లేదు, రేకులే, చుక్క పడితే అంత చప్పుడెందుకవుతుంది, అయినా చూస్తాడు.

ఇది మూడోసారి. బండి అక్కది, కొన్నది బావ, నడిపేది అక్క, బాగుచేసే పుణ్యం తమ్ముడిది. ఇంజిన్ మొహాన, బెల్టుతో పాటు తనూ తిరుగుతూ నీళ్ళని ఇంజిన్ చుట్టూ తోసే వాటర్ పంపు ఉందే, అక్కడే ఎక్కడో కారుతోంది. మొదటిసారి పంపే పాడైందనుకుని కొత్త పంపు బిగించాడు. కొన్నాళ్ళు బుద్ధిగా ఉండి మళ్ళీ కారింది. రెండోసారి పంపుకీ ఇంజిన్‌కీ మధ్య వేసే గ్యాస్కెట్, ఆ దళసరి కాగితం, దాన్ని తీసి పారేసి కొత్తది కత్తిరించి వేశాడు. దాంతో పీడా పోయిందనుకున్నాడు. పోలేదు. కొండ ఎక్కుతూ ఎక్కుతూ నీళ్ళన్నీ ఒలకబోసుకుని, పొగలు కక్కుతూ దారి మధ్యలో నిలబడిపోయింది, ఆ సమయానికి లోపల బావ ఉన్నాడు. ఆసుపత్రి కొండకి అవతల ఉంది. కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక బావ ఒంట్లో నీరు తీసేది అక్కడి డయాలసిస్ యంత్రమే. దానికి వంతులుంటాయి, వంతు వేళకి వెళ్ళి కూర్చోకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఆ రోజు వంతు అలా పోయింది. ఈ మధ్యాహ్నం ఇంకో వంతు. ఇది కూడా పోతే, అని అంతవరకే అనుకుని అతను ఆ మాటని ఆపేస్తాడు, ఆపేసినా అది ఆగదు, బావకి పడుకుంటే ఊపిరాడ్డం లేదట, కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడట, కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదట. ఇవన్నీ అక్క ఫోనులో చెప్పింది. చెప్పిన వెంటనే "బానే ఉన్నాడులే" అని కూడా అంది.

సూది కొంచెం కదిలింది. సూది అనుకుంటే చాలు ఈమధ్య బావ చెయ్యే గుర్తొస్తుంది. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంటుంది, అందులో రెండు సూదులు గుచ్చుతారు, ఒకదాంట్లోంచి రక్తం బయటికి, ఇంకోదాంట్లోంచి లోపలికి. ఒకసారి తోడు వెళ్ళాడు. ఆ ఎర్రటి గొట్టాలు చూసి కళ్ళు తిరుగుతాయనుకున్నాడు, తిరగలేదు సరికదా ఎక్కడైనా కారుతోందేమోనని ఒక్కొక్క అతుకూ పట్టిపట్టి చూశాడు. నర్సు రెండు వేళ్ళతో అలా తిప్పి వదిలేసింది, అంతే, ఎక్కడా తడి లేదు. ఈవిడ మన షెడ్డులో ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడు. వచ్చేటప్పుడు దారిలో బావకి వాంతి. ప్రతిసారీ అంతేనట. అందుకే అద్దె బండి వద్దంటాడు. ఒకసారి అద్దె బండిలోనే అయింది, డ్రైవర్ బండి ఆపి, సీటు వంక చూసి, బావ వంక చూసి, ఏమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా సరిపోయేది, ఏమీ అనకపోవడమే బావకి తగిలింది. "నా వాంతి నా బండిలోనే కక్కుకుంటాను" అన్నాడు ఇంటికొచ్చాక. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ తర్వాత అక్క గడ్డం పట్టుకుని బతిమాలినా ఇంకో బండి ఎక్కలేదు. అంబులెన్స్ మాటెత్తితే మొహం గోడ వైపు తిప్పుకుంటాడు. షెడ్డులో ఇంకో బండి ఉందిగా అంటే ఉంది, ఎవరిదో, దాని ఇంజిన్ ముక్కలు ముక్కలుగా బల్ల మీద ఆరేసి ఉంది. కాబట్టి ఇదే ఎక్కాలి, ఇదే కొండ ఎక్కాలి.

అతని భుజం మీద గుడ్డ ఉంది. పాత దుప్పటి చింపిన ముక్క, రోజూ ఉతుకుతాడు. మెకానిక్ గుడ్డ ఉతకడమేమిటని పక్క షెడ్డువాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. విప్పిన ప్రతి బోల్టునీ కిరసనాయిల్లో ముంచి, వైరు బ్రష్షుతో గీకి, దాని చుట్టూ తిరిగే మరల్లో ఇరుక్కున్న మట్టీ మశానం అంతా వదలగొట్టి, బల్ల మీద వరసగా పేరుస్తాడు. తిరిగి బిగించే వేళకి అవి పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతుంటాయి. అందుకే బావ "ఏమోయ్ సబ్బుబిళ్ళా" అని పిలుస్తాడు, అక్కతో పెళ్ళైన కొత్తలో పెట్టిన పేరు, ఇప్పటికీ అరిగిపోలేదు. నిజానికి ఈ శుభ్రం పిచ్చి అక్క అంటించింది. అమ్మ పనికి వెళ్ళిపోతే అతనికి నీళ్ళు పోసేది అక్కే. మోకాళ్ళు ఎర్రబడేదాకా పీచుతో తోమేది. ఏడిస్తే, కన్నీళ్ళు చెంప మీదకి దిగకముందే గౌను అంచుతో తుడిచేసి, "ఏం లేదు, ఏం లేదు" అనేది. ఎందుకేడుస్తున్నావురా అని అడిగేది కాదు. అడిగే తీరిక ఎక్కడిది, అప్పటికి తనూ పిల్లే. ఇప్పుడూ అంతే, బావ దగ్గడం పూర్తికాకముందే మూతి తుడిచేస్తుంది, వాంతి అయిన సీటు బావ చూడకముందే కడిగేస్తుంది, ఏం లేదు, ఏం లేదు. తడి కనపడితే తుడిచెయ్యడం మా వంశంలో ఉంది కాబోలు అనుకుని అతను అట్ట వంక చూశాడు. పొడిగా ఉంది.

బావ అలా కాదు. చూసేదాకా వదలడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని చేసేవాడు, ఎదురుగా వచ్చేవాడి నడక చూసి ఏ కన్ను మందగించిందో చెప్పేసేవాడు. "నువ్వు అద్దం తుడవడమే గానీ అందులోంచి చూడవోయ్" అని ఏడిపించేవాడు. జబ్బు పడ్డాక కూడా ఆ నోరు ఊరుకోలేదు. మొన్న కొండ మీద బండి ఆగిపోయాక, అతను తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మంలో నిలబడితే, "నీ బండిలో నీళ్ళు నిలవవు, నా ఒంట్లోంచి నీళ్ళు పోవు, మా ఇద్దరికీ మధ్య ఒక గొట్టం పెట్టెయ్యరాదూ, నీకూ డాక్టరుకీ ఇద్దరికీ పని తప్పుతుంది" అన్నాడు. నవ్వక చస్తాడా, నవ్వాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఆ తర్వాత రోజూ ఫోను చేస్తున్నాడు బావ, "ఏమోయ్, తొందరేం లేదు, నిదానంగానే చూడు" అంటాడు. బండి ఇచ్చినవాడెవడైనా ఇవాళ ఇస్తావా రేపు ఇస్తావా అని ప్రాణం తీస్తాడు, ఈయనొక్కడే నిదానంగా అనేది. ఎంత మంచివాడు అనుకుంటే ఇంకా సిగ్గేసింది, నా బావని నేనే కొండ మీద నిలబెట్టాను, నా చేత్తో బిగించిన పంపు, నా చేత్తో కోసిన గ్యాస్కెట్. ఈసారి పంపు మొహం, ఇంజిన్ మొహం రెండూ అద్దంలా గీకాడు, గ్యాస్కెట్‌కి రెండు వైపులా నీళ్ళు కారనివ్వని పేస్టు పూశాడు, బోల్టులు అటొకటి ఇటొకటి సమంగా బిగించాడు. ఇంతకంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. అదే భయం. తెలిసి చెయ్యకపోతే చేస్తాం, తెలియకపోతే ఏం చేస్తాం.

సూది సగానికి వచ్చింది. రేడియేటర్ ఫ్యాను గుర్రుమని లేచింది, వేడిగాలి మొహాన కొట్టింది. టార్చి వేసి పంపు కిందికి వంగాడు. జేబులో ఫోను మోగింది. అక్క.

"ఎంతవరకొచ్చిందిరా?"

"వేడెక్కిందక్కా. చూస్తున్నా."

"బ్యాగు సర్దేశాను. మీ బావ ఇంకా చొక్కా మార్చుకోలేదు. పొద్దున్న మంచినీళ్ళు అడిగాడు, అరగ్లాసే ఇచ్చా. బానే ఉన్నాడులే."

ఆ బానేలో ఏదో పలచగా వినిపించి అతను ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు, అప్పుడే టార్చి వెలుగులో, పంపుకి అన్నిటికంటే కింద ఉన్న బోల్టు తలకాయ దగ్గర ఏదో తళుక్కుమంది. చెయ్యి దానంతటదే గుడ్డ కోసం భుజం మీదకి లేవబోయింది, లేవలేదు, ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో ఫోను. తుడవడానికి మూడో చెయ్యి లేదు. కాబట్టి చూశాడు. బోల్టు తలకాయ కింద వాషరు చుట్టూ సన్నటి తడిగీత ఒకటి ఊరింది. ఊరి, కిందికి జారి, ఒకచోట పోగై, బొట్టై, వేలాడి, పంపు అంచు వెంబడి పాకి గ్యాస్కెట్ దగ్గరికి చేరింది. అక్కడి నుంచి రాలి అట్ట మీద పడింది. ఆ చుక్క పాకిన చోటు తప్ప గ్యాస్కెట్ పొడిగా ఉంది. చుట్టూ పొడిగా ఉంది. ఇంతకుముందు రెండుసార్లూ అతను కారడం చూశాడు గానీ, ఎక్కడి నుంచి మొదలైందో చూడకుండా ముందు గుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేసి, ఆ తర్వాత చూశాడు. గ్యాస్కెట్ దగ్గర తడి కనపడితే గ్యాస్కెట్ అనుకున్నాడు. దొంగ వచ్చిన దారి చెరిపేసి దొంగ కోసం వెతికినట్టుంది తన పని.

"ఒరే, ఉన్నావా?"

"ఉన్నా."

"ఏమైంది?"

"ఏం లేదు," అన్నాడు, నోటికి అదే వచ్చింది. "బండి నేనే తెస్తా. మీరు తయారుగా ఉండండి."

ఇంజిన్ ఆపేశాడు. ఆపగానే షెడ్డంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. బోల్టు. బోల్టు దగ్గర కారడమేమిటి, బోల్టు ఇనుములోకి దిగుతుంది, ఇనుములో నీళ్ళెక్కడివి, అనుకుంటూనే అతనికి సమాధానం తెలిసిపోయింది. ఆ ఒక్క బోల్టు రంధ్రం మిగతావాటిలా ఇనుములో ఆగదు. అవతలికి దూసుకుపోతుంది, తిన్నగా నీళ్ళలోకి. బోల్టు మరల వెంబడి నీళ్ళు పాకి వస్తున్నాయి. అయితే ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు. ఎందుకంటే, మొట్టమొదటిసారి పంపు విప్పినప్పుడు, అన్ని బోల్టుల్లోనూ ఆ ఒక్కదాని మరలకి ఏదో గోధుమరంగు జిగురు ఎండిపోయి పట్టుకుని ఉంది. బాగా గుర్తుంది. ఛీ, ఎంత మురికి పట్టిందో అనుకోవడం గుర్తుంది, కిరసనాయిల్లో నానబెట్టినా వదలకపోతే పిన్నీసు పెట్టి మర మరా గీకడం గుర్తుంది, చివరికి అది తళతళలాడుతుంటే వెలుగులో పెట్టి చూసుకుని మురిసిపోవడం కూడా గుర్తుంది. అది మురికి కాదు. మరలు మూసి నీళ్ళని ఆపడానికి ఎవరో బుద్ధిమంతుడు పూసిన పేస్టు. రెండోసారి, మూడోసారి కూడా ఆ బోల్టుని శుభ్రంగా తోమి తోమి పెట్టాడు. ఇంత బతుకూ బతికి, బావని కొండ మీద నిలబెట్టింది ఒక వైరు బ్రష్షు. తల బాదుకోవాలనిపించింది, బాదుకునే సమయం కూడా లేదు.

సమయం లేదంటే లేదు, కానీ వేడి ఇంజిన్ ముందు ఎవరి తొందరా చెల్లదు. ఇప్పుడు రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. టేబుల్ ఫ్యాను తెచ్చి ఇంజిన్ వైపు తిప్పాడు, రోగికి విసిరినట్టు అట్టతో కూడా విసిరాడు. తడిగుడ్డ రేడియేటర్ మీద పరిచాడు, ఆవిరి లేచింది, తీశాడు, తడిపాడు, పరిచాడు. అక్కకి చెప్పాలా, నా చేతులారా నేనే చేశానని. చెబితే ఏం లేదులేరా అంటుంది, అదే భరించలేడు. ఆరే వ్యవధి ఉందా పేస్టుకి, పూర్తిగా లేదు, మరలకి పూసే పేస్టుకి అంత అక్కర్లేదు, అక్కర్లేదంటావా, అక్కర్లేదు, అక్కర్లేదనుకుంటే సరిపోతుందా. కొండ మలుపు దగ్గర బండి పొగలు కక్కడం కళ్ళ ముందు కనిపిస్తోంది, అక్క తాగే నీళ్ళ సీసా రేడియేటర్‌లో పోస్తున్నట్టు, బావ నోరు తెరిచి గాలి వెతుక్కుంటున్నట్టు. వద్దు, అని పైకే అన్నాడు. మూత మీద చెయ్యి పెట్టి చూశాడు, పెట్టగలిగాడు, పెట్టి ఉంచలేకపోయాడు. ఇంకాసేపు.

చివరికి మూత గుడ్డతో పట్టుకుని కొంచెం కొంచెం వదులు చేస్తే ఆవిరి బుస్సుమని తగ్గింది. కింద నుంచి కాసిని నీళ్ళు వదిలేసి, ఆ ఒక్క బోల్టూ విప్పాడు. వెచ్చటి నీళ్ళు చేతి మీదుగా మోచేతి దాకా కారాయి. బోల్టు తుడిచి ఆరబెట్టి, మరల నిండా పేస్టు మెత్తాడు. గోరుతో మర మరలోకీ కుక్కాడు. చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఆ అసహ్యాన్ని అలాగే రంధ్రంలోకి దింపి, పానా పెట్టి, మరీ బిర్రుగా కాకుండా బిగించాడు. పైకి ఊరిన పేస్టుని తుడవడానికి లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకున్నంత పని చేశాడు. నీళ్ళు నింపాడు. ఇక్కడ మళ్ళీ వేడెక్కించి చూసే వ్యవధి లేదు, అక్క ఇంటి దాకా నడపడమే పరీక్ష. బండి తీశాడు. దారిలో ఎవరొచ్చారో ఎవరు తిట్టారో తెలియదు, కళ్ళు సగం రోడ్డు మీద, సగం సూది మీద. సూది లేచింది, సగం దగ్గర నిలబడింది. నిలబడే ఉంది. అక్క ఇంటి ముందు ఆపి, ఇంజిన్ ఆపకుండానే, ఒంటి మీది చొక్కాతోనే నడివీధిలో వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. బోల్టు తలకాయ చుట్టూ పేస్టు పొంగి గట్టిపడుతోంది, వికారంగా, పొడిగా. చూశాడు. ముట్టుకోలేదు. చూస్తూనే ఉన్నాడు. తడి లేదు. పైన ఫ్యాను లేచి, తిరిగి, ఆగింది. తడి లేదు. నడుము కింద రోడ్డు కాలుతున్నా అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆగింది రా నాయనా, ఆగింది.

వీపుకి దుమ్ముతో గబగబా మెట్లెక్కాడు. గుమ్మం పక్కన కుర్చీలో బావ ఉన్నాడు. చొక్కా మార్చుకోలేదు. లోపల అక్క తాళాల కోసం సొరుగులు లాగుతున్న చప్పుడు. "అక్కా" అని కేక వెయ్యబోతే బావ చెయ్యెత్తి దగ్గరికి రమ్మన్నాడు. అతను కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కారుతోందని చెప్పవోయ్," అన్నాడు బావ మెల్లగా.

"బావా?"

"ఈ ఒక్క పూటకి. మీ అక్క నేను వద్దంటే వినదు, బండి వద్దంటే వింటుంది. అలిసిపోయానోయ్. ఆ కొండా, ఆ కుర్చీ, ఆ సూదులూ, ఆ వాంతులూ. మొన్న దార్లో బండి ఆగిపోతే మీ అక్క బోరుమంది. నేను రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, అమ్మయ్య అనుకున్నాను."

నవ్వుతాడేమోనని చూశాడు. బావ నవ్వలేదు. ఫోనులో ఇన్ని రోజుల ఆ "నిదానంగా" ఇందుకా. ఒక్క మాట. బాగుచేసే చేతికి చెడిపోయిందని చెప్పడం ఎంతసేపు, ఎంతమందికి చెప్పలేదు, ఈయన ఒక పూట హాయిగా కూర్చుంటాడు, ఎవరి సొమ్మేం పోయింది. కానీ ఒక పూట. ఒక పూట అంటే ఎంత, ఈయనకి ఎంత. ఆసరా కోసం బావ పాదం మీద చెయ్యి వేశాడు. తీసేసరికి బొటనవేలు ఆనినచోట గుంట పడి ఉంది. మెత్తటి పిండిలో నొక్కినట్టు. అది పూడుతుందని చూశాడు. పూడలేదు. దాన్ని అరచేత్తో రాసి సమం చేసెయ్యాలని చెయ్యి పీకింది, రాయలేదు, చూస్తూ ఉన్నాడు. ఈ నీళ్ళన్నీ లోపలే ఉన్నాయి. ఇవే పైకి ఊపిరి దాకా వస్తాయి. భయమేసింది, బండి గురించి ఇన్నాళ్ళూ పడ్డ భయం దీని ముందు ఏపాటిదీ కాదు.

అక్క బ్యాగు తగిలించుకుని వచ్చింది. "ఏరా, ఏమంటోంది బండి? కారుతోందా?"

బావ కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి.

"చుక్క లేదక్కా," అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగి, "వద్దనుకుంటే అక్కతో మీరే చెప్పండి బావా. బండి మీద పెట్టకండి. నా నోటితో చెప్పించకండి. దారంతా నన్ను తిట్టుకోండి, నేనే నడుపుతాను."

"ఏంటి చెప్పేది?" అంది అక్క. బ్యాగు పట్టీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏం లేదులే అనలేదు. మళ్ళీ అడిగింది, "ఏంటండీ నాతో చెప్పాల్సింది?"

బావ చెప్పుల కోసం కాలు చాచి, అవి పట్టవని గుర్తొచ్చి, పక్కకి నెట్టేశాడు.

"దార్లో చెబుతాను పద," అన్నాడు. బావమరిది భుజం మీద చెయ్యి వేసి, ఉన్న బరువంతా దాని మీద మోపి, లేచాడు.